మేస్త్రి గారి బొటనవేలు, నోకియా 1100: ఒక రిపేరు కేసు

2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే తాపీ మేస్త్రి గారొకరు మా కొట్టుకి వచ్చారు. వయసు యాభై ఎనిమిది. పేరు, ఊరు రాయడం లేదు. మిగతాదంతా రాసుకోమని ఆయనే చెప్పారు. చేతిలో ఏడాది కూడా నిండని స్మార్ట్‌ఫోన్ ఉంది.

"దీని టచ్ పోయిందబ్బాయ్. కొత్తది వెయ్. ఎంతవుద్దో చెప్పు."

తెనాలిలో నేను సెల్ రిపేరు కొట్టు పెట్టింది 2004లో. ఇన్నేళ్లలో టచ్ పోయిందని నా దగ్గరికి వచ్చిన ఫోన్లలో చాలావాటికి నిజానికి టచ్ బాగానే ఉంది. పైన అంటించిన గ్లాస్ నాసిరకంది అయి ఉంటుంది. లేదా ఛార్జర్ మంచిది కాక, ఛార్జింగ్ పెట్టినంతసేపూ టచ్ దానంతట అదే ఆడుతుంటుంది. అందుకే డిస్‌ప్లే విప్పే ముందు గీత పరీక్ష చేస్తాను. ఆండ్రాయిడ్‌లో డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాయింటర్ లొకేషన్ ఆన్ చేస్తే, స్క్రీన్ మీద వేలు ఆనిన చోటల్లా గీత పడుతుంది. నా వేలితో పై నుంచి కిందికి, ఈ అంచు నుంచి ఆ అంచుకి గీశాను. ఎక్కడా తెగలేదు.

"ఇప్పుడు మీరు గీయండి మేస్త్రి గారూ" అని ఫోన్ ఆయన చేతికిచ్చాను.

బొటనవేలితో గీశారు. మొదట ఏమీ పడలేదు. తర్వాత మూడు చుక్కలు, ఒక చిన్న గీత, మళ్లీ ఖాళీ. గట్టిగా అదిమితే కాస్త పడింది, వేలు జరిపేసరికి తెగిపోయింది. అప్పుడు ఆయన చెయ్యి చూశాను. నిజానికి ముందే చూడాల్సింది. బొటనవేలు, చూపుడువేలు కొసలు గాజులా నున్నగా ఉన్నాయి, వేలిముద్ర గీతలు లేవు. వేలి పక్కల చర్మం పగిలి, పగుళ్లలో సిమెంటు బూడిదరంగు నిలిచిపోయింది. నలభై ఏళ్లు మాలు కలిపిన చెయ్యి అది. రేషన్ దగ్గర వేలిముద్ర పడక కళ్లు చూపించి సరుకులు తెచ్చుకుంటున్నానని చెప్పారు.

"మరి పనిలో ఉండగా ఫోనొస్తే ఎలా ఎత్తుతున్నారు?"

"కూలీ ఎవరన్నా పక్కనుంటే ఎత్తమంటా. లేకపోతే వేలు నోట్లో పెట్టి తడిచేసుకుని నొక్కుతా."

పచ్చి సిమెంటు ఎంత ఘాటైన క్షారమో ఆయనకి నాకంటే బాగా తెలుసు. ఆ వేలు నోట్లో పెట్టుకుంటున్నారు, ఫోన్ ఎత్తడానికి.

ఎందుకు పడదో తెలియనివాళ్ల కోసం చెప్తాను. స్మార్ట్‌ఫోన్ గాజు కింద కంటికి కనిపించని వాహక గీతల వల ఉంటుంది. వేలు దగ్గరికి రాగానే ఆ వల మీదున్న విద్యుత్ ఆవేశంలో చిన్న మార్పు వస్తుంది. ఆ మార్పు ఎక్కడొచ్చిందో చిప్ కొలిచి, వేలు ఫలానా చోట ఉందని లెక్క కడుతుంది. వేలిలో తడి ఉండాలి, చర్మం మరీ మందం కాకూడదు, గాజుకీ వేలికీ మధ్య మందపాటి అడ్డం ఉండకూడదు. మేస్త్రి గారి వేలు ఎండిపోయి, కాయకట్టి, పైన సిమెంటు పొడి పొరతో ఉంటుంది. ఫోన్ దృష్టిలో ఆయన వేలు సగం లేనట్టే. కొత్త డిస్‌ప్లే వేసి నాలుగు వేల రూపాయలు తీసుకుని ఉంటే, నాలుగు రోజుల్లో మళ్లీ వచ్చేవారు.

నేను చేసిన రెండు పొరపాట్లు

ముందు స్మార్ట్‌ఫోన్‌నే ఆయనకి సరిపెట్టే ప్రయత్నం చేశాను. పైనున్న మందపాటి గ్లాస్ తీసేసి పల్చటిది వేశాను. ఆ మోడల్లో టచ్ సెన్సిటివిటీ పెంచే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేశాను. వాల్యూమ్ బటన్‌తో కాల్ ఎత్తే వీలు కొన్ని ఫోన్లలో ఉంటుంది గానీ ఆయనదాంట్లో లేదు. "చెయ్యి కడుక్కుని చూడండి" అంటే కొట్టు ముందున్న కుళాయి దగ్గర సబ్బుతో కడుక్కుని వచ్చారు. గీత దాదాపు పూర్తిగా పడింది. ఇద్దరం సంతోషపడ్డాం. డబ్బులు కూడా తీసుకున్నాను.

మంగళవారం సాయంత్రం మళ్లీ వచ్చారు. పరంజా మీద ఉండగా ఇసుక ట్రాక్టర్ వాడు ఆరుసార్లు చేశాడట, ఒక్కటీ ఎత్తలేకపోయారు. వాడు లోడు ఇంకో ఇంటి దగ్గర పోసి వెళ్లిపోయాడు. నేను ఆదివారం నాడు, కడిగిన చేతితో, కుర్చీలో కూర్చోబెట్టి పరీక్ష చేశాను. ఫోన్ పనిచేయాల్సింది సోమవారం నాడు, మాలు అంటిన చేతితో, పరంజా మీద. ఇది నా తప్పు.

రెండోసారి, బటన్లుంటే చాలనుకుని కొత్త 4జీ కీప్యాడ్ ఫోన్ ఒకటి ఇచ్చాను. నాలుగు రోజులకి దాన్నీ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆ ఫోన్‌కి బటన్లున్నాయి గానీ అవి ఒకదానికొకటి అతుక్కున్నట్టు చదునుగా ఉన్నాయి, ఆయన వేలు పెడితే ఒకేసారి రెండు నొక్కుకుపోతున్నాయి. మధ్యలో నాలుగు వైపులా జరిగే గుండ్రటి మీట ఉంది, అది తగిలితే చాలు ఏదో యాప్ తెరుచుకుంటోంది. "ఇది బటన్ల ఫోనే గానీ నాది కాదబ్బాయ్" అన్నారు.

ఆ మాట పట్టుకుని అప్పుడు అడిగాను, మీది అంటే ఏది అని.

"పదకొండొందలు. ఇంట్లో బీరువాలో ఉంది. ఆరేడేళ్లైంది తీసి."

మా వైపు నోకియా 1100ని చాలామంది అలాగే అంటారు, పదకొండొందలు అని. మర్నాడు పాత లుంగీ ముక్కలో చుట్టి తెచ్చారు.

పాడు కాలేదనే జ్ఞాపకం

కేసులోకి వెళ్లే ముందు ఒక మాట చెప్పాలి. పాత ఫోన్ల గురించి ఎవరు మాట్లాడినా "అసలు పాడయ్యేవే కాదు" అంటారు. నోకియా 3310 కింద పడితే నేల పగిలిందని చెప్పుకుంటారు. నేను ఆ ఫోన్లనే నమ్ముకుని బతికినవాణ్ణి. అవి పాడయ్యేవి, బాగా పాడయ్యేవి. 2005 నుంచి 2010 దాకా మా కొట్టు ముందు సాయంత్రం పూట జనం నిలబడి ఉండేవాళ్లు. మైక్ పోయి అవతలివాళ్లకి మాట వినిపించకపోవడం, రింగర్ మూగబోవడం, ఛార్జింగ్ పిన్ వదులైపోవడం, 'ఇన్సర్ట్ సిమ్' అని రావడం, తెర మీద 'కాంటాక్ట్ సర్వీస్' అని వచ్చి ఆగిపోవడం. రోజూ ఇవే.

తేడా ఏంటంటే, మైక్ మార్చడానికి పది నిమిషాలు పట్టేది. యాభై రూపాయలు తీసుకునేవాణ్ణి. మనిషి బల్ల ముందు నిలబడి ఉండగానే వెనక మూత తీసి, బ్యాటరీ తీసి, ముందు కవర్ ఊడదీసి, స్క్రూలు విప్పి, మైక్ పెట్టి, మళ్లీ బిగించి ఇచ్చేవాణ్ణి. ఆయన కళ్లముందే పాడైన ముక్క పక్కన పడేది. టీ తాగి వచ్చేలోపు అయిపోయిన పనిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందుకే వాళ్ల జ్ఞాపకంలో ఆ ఫోన్ ఎప్పుడూ పాడుకాలేదు. ఇప్పుడు వెనక గాజు వేడి చేసి ఊడదీయాలి, జిగురు కరిగించాలి, బ్యాటరీ కింద పట్టీ లాగాలి, డిస్‌ప్లే పగలకుండా చూడాలి. చిన్న పనికి కూడా ఫోన్ ఒక రోజు నా దగ్గర ఉండాలి, అందులో వాళ్ల ఫోటోలు, బ్యాంకు, అన్నీ ఉంటాయి. మనిషికి టెన్షన్ పెరగడంలో వింత లేదు. పాత ఫోన్ మీద జనానికున్న ప్రేమలో పెద్ద భాగం ఆ పది నిమిషాల రిపేరు మీద ప్రేమేనని నా నమ్మకం.

బల్ల మీద 1100

1100 వచ్చింది 2003లో. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడైంది. మన దేశంలాంటి చోట్ల దుమ్ము, చెమట, కరెంటు కోతలు చూసి తయారుచేశారు. ముందు భాగంలో బటన్లన్నీ ఒకే రబ్బరు పలకలా ఉంటాయి, బటన్‌కీ బటన్‌కీ మధ్య దుమ్ము దూరే సందు లేదు. పక్కలకి జారకుండా గరుకు ఉంటుంది. పైన టార్చి లైటు. తెర 96×65 చుక్కలది, రంగుల్లేవు. బరువు 86 గ్రాములు.

మేస్త్రి గారిది 2005లో కొన్నది. వెనక మూత ఉబ్బి ఉంది. తీసి చూస్తే బ్యాటరీ పొట్ట పెంచింది. బీఎల్-5సీ, 850 ఎంఏహెచ్. మీటర్ పెడితే ఒక వోల్టు కూడా లేదు. ఇంతగా పడిపోయిన లిథియం బ్యాటరీని ఎవరేం చెప్పినా మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు. బూస్టర్ పెట్టి లేపేవాళ్లున్నారు, నేను చేయను. ఈ 5సీ అంటే నాకు 2007 గుర్తొస్తుంది. 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు మధ్య మత్సుషితా తయారుచేసిన 4.6 కోట్ల బీఎల్-5సీ బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదం ఉందని 2007 ఆగస్టులో నోకియానే హెచ్చరిక ఇచ్చింది. ఆ వారమంతా జనం బ్యాటరీ తీసి పట్టుకుని, వెనకున్న 26 అక్షరాల నంబరు చదివించుకోవడానికి మా కొట్టుకి వచ్చారు. ఫోన్ పేలుతుందన్న భయంతో ఒకావిడ దాన్ని నీళ్ల బకెట్లో వేసి తెచ్చింది. కొన్నాళ్లు పోతే భయాలు కూడా మర్చిపోతాం, ఫోన్ మంచితనం ఒక్కటే మిగులుతుంది.

5సీ బ్యాటరీ ఇప్పటికీ దొరుకుతుంది. కారణం, భక్తి పాటలు పెట్టుకునే చిన్న ఎఫ్ఎం రేడియోలు, స్పీకర్లు ఇప్పటికీ చాలావరకు ఈ సైజు మీదే నడుస్తున్నాయి. కానీ దొరికేవాటిలో చాలావాటికి పైన రాసిన అంకె ఒకటి, లోపలున్న సరుకు ఇంకొకటి. నేను బరువు చేతిలో చూసి, మీటర్ మీద లోడు పెట్టి, నాలుగింటిలో ఒకటి ఏరి పెట్టాను.

బ్యాటరీ కూర్చునే చోట మూడు పిన్నుల మీదా పచ్చటి చిలుము. ప్లస్, మైనస్ మధ్యలో ఉండేది బ్యాటరీ ఏ రకమో ఫోన్‌కి చెప్పే పిన్ను. దాని మీద చిలుముంటే ఫోన్ బ్యాటరీని గుర్తుపట్టక ఛార్జింగ్ తీసుకోదు. టీ6 స్క్రూలు విప్పి బోర్డు బయటికి తీశాను. ఇక్కడ నాకు కాసేపు చెయ్యి ఆగిపోయింది. పదమూడు పద్నాలుగేళ్లు సిమెంటు పనిలో తిరిగిన ఫోన్. ముందు రబ్బరు పలక ఎత్తితే కింద బటన్ల బుడిపెల రేకు తళతళలాడుతోంది. ఒక్క రేణువు లేదు. సిమెంటంతా కింద ఛార్జింగ్ రంధ్రంలోనూ, మైక్ దగ్గరా గట్టిపడి రాయిలా కూర్చుంది. డిజైన్ చేసినవాళ్లు ఎక్కడ దుమ్ము ఆపాలనుకున్నారో అక్కడ ఆపారు, ఎక్కడ తెరిచి ఉంచక తప్పదో అక్కడే పట్టింది. సూదితో, థిన్నర్ తడిపిన బ్రష్‌తో గంటన్నర గీకాను. మైక్ మార్చాను. ఛార్జింగ్ పిన్ మాత్రం తీయకుండా శుభ్రం చేశాను, ఎందుకంటే పాతదే గట్టిగా ఉంది, ఇప్పుడొచ్చేవి అంత బాగుండవు. ఛార్జర్ ఆయన దగ్గర లేదు. 1100ది లావు పిన్. తర్వాత వచ్చిన సన్న పిన్ ఛార్జర్లు దీనికి పట్టవు. పాత డబ్బాలో వెతికితే ఒకటి దొరికింది.

బ్యాటరీ పెట్టి పైన బటన్ నొక్కాను. తెర పచ్చగా వెలిగింది, రెండు చేతులు కలిసే బొమ్మ వచ్చింది. మేస్త్రి గారు కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నారు.

వేళ్లలో ఉన్న ఫోన్ బుక్

బటన్లు పరీక్షించమని ఫోన్ ఆయన చేతికే ఇచ్చాను. ఈసారి చెయ్యి కడుక్కోవద్దన్నాను. ఆయన ఫోన్ పట్టుకున్న తీరే వేరుగా ఉంది. స్మార్ట్‌ఫోన్‌ని రెండు చేతులతో, పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకుంటారు. దీన్ని తాపీ పట్టుకున్నట్టు పట్టుకున్నారు, బొటనవేలు తెర కింది పెద్ద బటన్ మీద దానంతట అదే వెళ్లి కూర్చుంది.

1100కి పచ్చ బటన్, ఎర్ర బటన్ లేవు. తెర కింద ఒకే పెద్ద మీట. ఫోన్ మోగితే అదే నొక్కాలి, అయిపోయాక అదే నొక్కాలి. కిందున్న లోహపు బుడిపె టక్కున వంగి బోర్డు మీదున్న గీతలకి తగులుతుంది, అంతే. వేలికి తడి ఉందా, సిమెంటు ఉందా, గుడ్డ చుట్టి ఉందా అని దానికి అక్కర్లేదు. నొక్కిన బలం ఒక్కటే చాలు. పడిందో లేదో కూడా వేలికే తెలుస్తుంది, తెర చూడాల్సిన పని లేదు.

అప్పుడు మేస్త్రి గారు తల పైకెత్తి, గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టారు. "రెండు ఇల్లు. మూడు సిమెంటు కొట్టు. నాలుగు ఇసుక. అయిదు రాడ్ బెండింగ్. ఆరు కరెంటు పని కుర్రాడు. ఏడు కంకర. తొమ్మిది మా తమ్ముడు."

స్పీడ్ డయల్ జాబితా తెరిచి చూశాను. నంబర్లు, పేర్లు ఫోన్ మెమరీలోనే ఉన్నాయి, బ్యాటరీ చచ్చి ఏళ్లైనా అలాగే ఉన్నాయి. ఆయన చెప్పింది చెప్పినట్టు ఉంది. పేర్లు ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పెట్టారు, ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. తెలుగు కూడా కూడబలుక్కుని చదువుతారు. ఆయన ఎప్పుడూ పేర్లు చదవలేదు. అయిదు మీద చిన్న బుడిపె ఉంటుంది కదా, దాన్ని ఆనవాలు పెట్టుకుని మిగతావాటి చోటు వేలికి నేర్పుకున్నారు. నొక్కిపట్టుకుంటే కాల్ వెళ్తుంది.

"ఎనిమిది చెప్పలేదు" అన్నాను.

ఎనిమిది సెంట్రింగ్ పనివాడిదట. చనిపోయి అయిదేళ్లైంది. "అది అలాగే ఉంచు" అన్నారు. ఉంచాను.

ఇక్కడ నాకు కేసు అర్థమైంది. మేస్త్రి గారు స్మార్ట్‌ఫోన్ వచ్చాక పోగొట్టుకున్నవి రెండు. ఒకటి, చూడకుండా ఎత్తగలిగే ఒక్క బటన్. రెండోది, అంకెల చోట్లలో దాచుకున్న ఫోన్ బుక్. స్మార్ట్‌ఫోన్‌లో అందరూ పేర్ల వరసలో చేరిపోయారు, పేరు చదవలేని మనిషికి ఆ వరసలో ఎవరూ దొరకరు. ఆయన చదువు రాని మనిషనే సంగతి పాత ఫోన్ ఒక్కరోజు కూడా గుర్తు చేయలేదు, కొత్తది రోజుకి పదిసార్లు గుర్తు చేసింది. ఇది నేనన్న మాట కాదు, వాళ్లబ్బాయి అన్నాడు, తర్వాత.

ఆనాటి నుంచి, పాత ఫోన్ కావాలని ఎవరొచ్చినా నేను ఒకటే అడుగుతున్నాను: ఆ ఫోన్‌తో మీ చెయ్యి ఏం చేసేది? కొందరు రింగ్‌టోన్ అంటారు. వాళ్లకి రింగ్‌టోన్ పెట్టిస్తే సరిపోతుంది, ఫోన్ అక్కర్లేదు. పాము ఆట అన్నవాళ్లున్నారు. రాత్రిళ్లు ఫోన్ పక్కన పెట్టలేకపోతున్నామనేవాళ్లకి అసలు బాధ వేరు. దానికి పాత ఫోన్ మందు అవునో కాదో నేను చెప్పలేను. 2017లో, అప్పుడు నోకియా పేరుతో ఫోన్లు చేస్తున్న హెచ్ఎండీ వాళ్లు 3310 పేరుతో కొత్త ఫోన్ తెచ్చినప్పుడు ఉత్సాహంగా కొన్నవాళ్లు మా దగ్గరే కొందరున్నారు. నెల తిరిగేసరికి చాలావాటిని పిల్లలు ఆడుకోవడం చూశాను. వాళ్ల చేతికి అది చేసే పని ఏదీ లేదు. మేస్త్రి గారి చేతికి ఉంది.

నెట్‌వర్క్ సంగతి

ఆయన సిమ్ 4జీ మాత్రమే నడిపే నెట్‌వర్క్‌ది. దానికి 2జీ లేనే లేదు. 1100కి తెలిసింది 2జీ ఒక్కటే. సిమ్ వేస్తే ఫోన్ వెతికి వెతికి ఊరుకుంది. పాత ఫోన్ బాగుచేయించుకుని ఇంటికెళ్లి, సిగ్నల్ రాలేదని తిట్టుకుంటూ వచ్చేవాళ్లు నా దగ్గర నెలకొకరైనా ఉంటారు, కాబట్టి ఇది ముందే చెప్పాలి. మన దగ్గర కంపెనీలు 3జీని చాలావరకు తీసేశాయి గానీ, 2జీని ఉంచిన కంపెనీలు ఇంకా ఉన్నాయి. ఎన్నాళ్లు ఉంచుతాయో నేను హామీ ఇవ్వలేనని మేస్త్రి గారికి స్పష్టంగా చెప్పాను. "ఇంకో నాలుగేళ్లు చాలు, తర్వాత పని మానేస్తా" అన్నారు.

నంబరు మారకూడదు. ఇరవై ఏళ్లుగా ఇళ్లు కట్టించుకున్నవాళ్లందరి దగ్గరా ఆ నంబరే ఉంది. 1900కి పోర్ట్ మెసేజ్ పెట్టించి, 2జీ ఉన్న కంపెనీకి మార్పించాం. ఒకే సర్కిల్లో అయితే మూడు పనిదినాలు. కొత్త సిమ్ చిన్న ముక్కగా విరవకుండా పెద్ద చట్రంతోనే ఉంచమని షాపులో చెప్పి పంపాను. 1100 పడకలో ఆ పెద్ద సైజే పడుతుంది.

రీఛార్జ్ విషయంలో ఆయన అదృష్టం బాగుంది. అంతకుముందు డేటా లేని ఫోన్‌కి కూడా డేటా ప్యాక్ వేయించుకోవాల్సి వచ్చేది. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, కాల్స్, మెసేజ్‌లకే పరిమితమైన ప్యాక్ విడిగా ఉండాలని నిబంధన పెట్టింది, జనవరిలో కంపెనీలు తెచ్చాయి. అది వేయించాం.

డబ్బుల విషయం అంత సులువుగా తేలలేదు. యూపీఐ యాప్‌లో పేరు నమోదు చేయాలంటే ఆ నంబరు సిమ్ అదే ఫోన్‌లో ఉండి, అందులోంచే మెసేజ్ వెళ్లాలి. సిమ్ 1100లోకి వచ్చేసింది. కీప్యాడ్ ఫోన్లవాళ్లు డబ్బు పంపడానికి *99# అని కొట్టే పద్ధతి ఉంది. 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన యూపీఐ 123పే కూడా ఉంది, దాని పరిమితి ఒక్కో లావాదేవీకి అయిదు వేల నుంచి పది వేలకి పెంచుతామని 2024 అక్టోబరులో ప్రకటించారు. రెండూ ఆయనతో చేయించి చూశాను. *99#లో వరస చదివి అంకె నొక్కేలోపు సమయం అయిపోయి మొదటికి వచ్చేది. 123పేలో ఫోన్ చేస్తే చెప్పే మాటలు విని నొక్కాలి, అది కాస్త నయం, కానీ నాలుగోసారికి ఆయనకి విసుగొచ్చింది. నేనూ బలవంతపెట్టలేదు. కూలీలకి శనివారం నగదే ఇస్తారు. ఇంటి యజమానులు వేసే డబ్బు ఎలాగూ ఆయన ఖాతాలో పడుతుంది, పడినట్టు మెసేజ్ 1100కి వస్తుంది. ఆ పని సగం దగ్గరే ఆపాం.

ఇక వాళ్లబ్బాయి. ఆ స్మార్ట్‌ఫోన్ కొనిచ్చింది అతనే, మొదటి జీతంతో. నాన్న పాత ఫోన్‌కి వెళ్లిపోతున్నాడని తెలిసి కొట్టుకి వచ్చాడు, మొహం మాడ్చుకుని. అతనికి గీత పరీక్ష చూపించాను. తన వేలితో ఒకసారి, వాళ్ల నాన్న వేలితో ఒకసారి. ఆ చుక్కలు చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాతే పైన రాసిన మాట అన్నాడు. స్మార్ట్‌ఫోన్‌లో కొత్త సిమ్ వేసి అమ్మకి ఇచ్చాడు. యజమానులు పంపే ప్లాన్లు, ఎలివేషన్ ఫోటోలు దాంట్లోకి వస్తాయి, రాత్రి అన్నం తిన్నాక, చేతులు కడుక్కుని, మేస్త్రి గారు దాంట్లో చూసుకుంటారు. కడిగిన చేతికి ఆ ఫోన్ బాగానే లొంగుతుంది.

తర్వాత

మొదటి రెండు వారాలు ఏ కబురూ లేదు. మూడో వారం వచ్చి, బ్యాంకు మెసేజ్‌లు రావడం లేదన్నారు. తెర మీద కవరు బొమ్మ ఆరిపోతూ వెలుగుతోంది. చూడగానే నవ్వొచ్చింది, ఆ బొమ్మని చూసి ఎన్నేళ్లైందో. మెసేజ్‌ల జాగా నిండిపోయింది. అందులో ఉన్నవన్నీ లోన్ ఇస్తాం, స్థలం అమ్ముతాం అనే ప్రకటనలు. 2005లో ఆ చిన్న పెట్టెలో మనుషులు పంపిన మాటలు ఉండేవి, కొత్త మెసేజ్ రావాలంటే ఏది తీసేయాలో ఆలోచించి ఆలోచించి తీసేవాళ్లం. అన్నీ తుడిచేసి, 1909కి START 0 అని మెసేజ్ పెట్టించాను, ప్రకటనలు ఆగడానికి. తుడవడం కూడా నేర్పాను: ఎన్నోసారి కిందికి జరపాలో, ఎక్కడ నొక్కాలో లెక్కగా. ఆయన అక్షరాలు చూడకుండా లెక్కతోనే నేర్చుకున్నారు.

మే నెలలో ఒక శ్లాబు పని జరుగుతుంటే అటువైపు వెళ్లాను. తెల్లవారుజామున నాలుగున్నర. ఎండ పడకముందే కాంక్రీటు పోయాలని లైట్లు పెట్టుకున్నారు. కరెంటు పోయింది. మేస్త్రి గారు పరంజా మీద నిలబడి, జేబులోంచి ఫోన్ తీసి, సి బటన్ నొక్కిపట్టుకుని మిక్సర్ వైపు వెలుతురు వేశారు. అంతలోనే మోగింది. టార్చి ఆరిపోయింది. చీకట్లోనే బొటనవేలు నొక్కింది, చెవికి పెట్టుకున్నారు. "ఆ, చెప్పు. కంకర ఎంతవరకొచ్చింది?"

ఈ కేసులో నేను మార్చుకోవాల్సింది పరీక్ష చేసే పద్ధతి. ఇప్పుడు బల్ల కింద ఒక చిన్న డబ్బాలో సిమెంటు పొడి, ఇంకోదాంట్లో నూనె మరక ఉన్న గుడ్డ, ఒక జత నూలు గ్లవుజులు పెట్టుకున్నాను. తాపీ పనివాళ్లు, మెకానిక్‌లు, మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు టచ్ పోయిందని వస్తే, వాళ్ల పని చేతితోనే పరీక్షిస్తాను. అలా చూసినవాళ్లలో కొందరికి వైరు ఉన్న ఇయర్‌ఫోన్ ఇచ్చి, దాని మీదున్న బటన్‌తో కాల్ ఎత్తడం నేర్పితే సరిపోయింది. స్మార్ట్‌ఫోన్ వదలక్కర్లేకపోయింది. మేస్త్రి గారికి కూడా ఇది ముందే ఎందుకు తట్టలేదా అనుకున్నాను గానీ, పరంజా మీద వైరు వేలాడేసుకుని తిరగడం ఆయనకి కుదరని పని.

1100 ముందు రబ్బరు పలక మీద అయిదు, మూడు అంకెలు చెరిగిపోతున్నాయి. హైదరాబాద్ అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో మా సామాన్లు పంపే అతనికి అసలు పలక కోసం చెప్పి ఉంచాను. రెండుసార్లు పంపాడు, రెండూ నకిలీవే, అయిదు మీద బుడిపె లేదు. తిప్పి పంపించాను. ఏరి పెట్టుకున్న 5సీ బ్యాటరీలు రెండు మేస్త్రి గారి పేరు రాసి సొరుగులో ఉంచాను, మూడు నెలలకోసారి సగం దాకా ఛార్జింగ్ పెడుతున్నాను.